జెనోవా దీపస్తంభము

ఇటలీ దేశపు వాయవ్య భాగమున, మధ్యధరా సముద్రతీరమున జెనోవా నగరము కలదు. దాని పాత రేవునకు పడమటి కొనను, రాతిగుట్టపై నిలిచియున్న దీపస్తంభమును నగరవాసులు 'లాంటెర్నా' అందురు. మనము వాడుకొను లాంతరు అను మాటకు అది దగ్గరి చుట్టము.

స్తంభపు ఎత్తు సుమారు 77 మీటర్లు. గుట్టతో కలిపి సముద్రమట్టమునకు 117 మీటర్లు. నలుచదరపు కట్టడములు రెండు, ఒకదానిపై నొకటి నిలిపినట్లుండును. సందర్శకుడు 172 మెట్లెక్కి మొదటి వసారా చేరవచ్చును. అచ్చట నిలిచి చూచిన ఒకవైపు ఓడలరేవు, వేరొకవైపు కొండవాలుల నంటుకొనిన నగరము కానవచ్చును.

పండ్రెండవ శతాబ్దమునుండియు ఇచ్చట దీపమున్నది. తొలుత కట్టెలు మండించి ఓడలకు గురుతు చూపెడివారు. 1326లో ఓలివు నూనెతో వెలుగు లాంతరును నెలకొల్పిరి. 1449లో ఇచ్చటి దీపపాలకుడైన ఆంటోనియో కొలంబో, కొలంబసు తండ్రికి తోబుట్టువని చెప్పుదురు.

అయితే నేడు మనము చూచు స్తంభము ఆనాటిది కాదు. 1507లో జెనోవా ప్రజలు ఫ్రెంచి రాజు పండ్రెండవ లూయీపై తిరుగబడి ఓడిపోయిరి. నగరము మరల తలయెత్తకుండుటకై రాజు దీపస్తంభము మొదట ఒక కోటను కట్టించెను. దాని పేరు 'బ్రిల్యా', అనగా కళ్ళెము. 1512లో ఫ్రెంచివారు నగరమును విడిచినను, కోటలోని దళము లొంగలేదు. 1513లో వారికి సరకులు తెచ్చిన ఓడను ఇమాన్యుయేలె కవాల్లో అను నావికుడు సాహసించి పట్టుకొనెను. నగరవాసులు కోటపై ఫిరంగులు ప్రయోగించిరి. కోటపై వేసిన గుండ్లు దీపమును తాకక మానునా? స్తంభపు పైభాగము కూలినది. 1514లో కోట లొంగగా దానిని నేలమట్టము గావించిరి.

శ్రోతలు ఒక్కమాట గుర్తింపవలెను. జెనోవా సముద్రవర్తకముచే బ్రదికిన నగరము. దీపము లేక ఓడ నిర్భయముగ రాదు. ఓడ రాక అంగడి తెరువదు. అట్టి దీపమును తమ ఫిరంగులతోనే కూల్చుకొనుట వారికి సులువైన పని కాదు. పగవాని చేతిలోని దీపము తమది కాదని వారు తలచియుందురు. మొండిస్తంభము ఇంచుమించు ముప్పది యేండ్లు అట్లే నిలిచినది. 1543లో దానిని తిరిగి నిర్మించిరి. ఆ స్తంభమే నేటికిని వెలుగుచున్నది. క్రింది భాగమున నగరచిహ్నమగు ఎఱ్ఱ శిలువ, రేవు చేరు ప్రతి నావికునకును ఆ దీపమెవరిదో చెప్పుచున్నది.