జ్వరమూ చికిత్సా: చరిత్రలో ఒక పుట

శబరి ఒడ్డున నివసించే మనకు జ్వరం కొత్త కాదు. క్రీ.శ. 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలోనే నాగార్జునకొండ శాసనమొకటి ‘విగతజ్వరాలయం’ అన్న మాటను పేర్కొన్నది. జ్వరపీడితులు కోలుకునే నిలయమని పండితులు దానికి అర్థం చెప్పారు. అక్కడి ఆరామాలు బౌద్ధులవి. తరువాత ఐదు శతాబ్దాలకు బాగ్దాదులో, ఖలీఫా హారూన్ రషీద్ కాలాన, మంత్రి యహ్యా బిన్ ఖాలిద్ ఆజ్ఞపై మంకా అనే భారతీయ వైద్యుడు సుశ్రుతుని గ్రంథాన్ని అరబ్బీలో వివరించాడని ఇబ్నున్నదీమ్ నమోదు చేశాడు. పరుల విద్య అని ఆనాటి ముస్లిములు దానిని త్రోసిపుచ్చలేదు. చికిత్స పొందమని దైవప్రవక్త (స) ఆదేశించారు గదా! అయినా మనలో కొందరం బిడ్డకు తావీజు కట్టి, రక్తపరీక్షను రేపటికి వాయిదా వేస్తున్నాము. ముదిరే మలేరియా ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాంతకం కాగలదు. పరీక్షకు కావలసింది ఒక్క రక్తపు చుక్క, అర్ధగంటలోపు సమయం.