హైటెక్ సిటీలో తెగని బేరం: ఆర్‌సెప్ నుంచి భారత్ తప్పుకున్న చరిత్ర

వాణిజ్య కూటమిలో ఉండాలా, బయటికి రావాలా అన్న ప్రశ్న ఎక్కడ వినిపించినా మనకు ముందు బ్రిటన్ గుర్తొస్తుంది. బ్రెగ్జిట్ మీద లండన్‌లో ఏళ్ల తరబడి సాగిన ప్రతిష్టంభనను తెలుగు పత్రికలు కూడా విస్తారంగా రాశాయి. సరిగ్గా అదే కాలంలో అలాంటి ప్రశ్నే మన దేశం ముందూ ఉంది. దాని మీద సాగిన బేరసారాల్లో ఒక ముఖ్య ఘట్టానికి మన హైటెక్ సిటీయే వేదికైంది. 2017 జూలై రెండో పక్షంలో హైటెక్స్, హెచ్‌ఐసీసీ (హైదరాబాద్ అంతర్జాతీయ సమావేశ కేంద్రం) ప్రాంగణంలో 16 దేశాల ప్రతినిధులు ‘ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్యం’ మీద 19వ విడత చర్చలు జరిపారు. పత్రికల్లో దాని పేరు ఆర్‌సెప్. రెండేళ్ల తర్వాత, 2019 నవంబర్ 4న, బ్యాంకాక్‌లో భారత్ ఆ చర్చల నుంచి తప్పుకుంది.

ఏడేళ్ల ఆ ఊగిసలాటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆశ, పాడిరైతు భయం, ఖరీదైన మందు కొనలేని రోగి ఆందోళన ఒకే బేరంలో చిక్కుకున్నాయి. ఆ బేరం ఎలా సాగుతోందో ఆ ముగ్గురిలో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు. ఈ చరిత్రను ఇవాళ మళ్లీ పరిశీలించాల్సింది అందుకే.

సైబరాబాద్‌కు పునాది వేసిన వాణిజ్యం

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. దానితో పాటే సేవల వాణిజ్యం మీద ‘గాట్స్’ ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఒక దేశం మరో దేశానికి సేవ అందించే మార్గాలను ఆ ఒప్పందం నాలుగు రీతులుగా విడదీసింది. మొదటి రీతిలో సేవ ఒక్కటే సరిహద్దు దాటుతుంది. మాదాపూర్‌లో కూర్చుని సిడ్నీ బ్యాంకుకు ప్రోగ్రామ్ రాయడం ఈ కోవలోకి వస్తుంది. నాలుగో రీతిలో మనిషే దాటుతాడు. ఐటీ వాళ్లు ఆన్‌సైట్ అనేది దీన్నే.

1998 నవంబర్ 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో తన అభివృద్ధి కేంద్రాన్ని తెరిచింది, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆ తర్వాత పెరిగిందంతా ఈ రెండు రీతుల మీదే. అందువల్ల ఏ దేశం వీసా నిబంధన మార్చినా, ఏ కరెన్సీ పడిపోయినా ఆ ప్రభావం ఇక్కడి జీతాల మీద, ఇంటి వాయిదాల మీద పడుతుంది. 2006లో హెచ్‌ఐసీసీ వచ్చాక ప్రపంచ స్థాయి సమావేశాలు కూడా ఈ పరిసరాలకే చేరాయి. ఆ ఏడాది ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం, 2012లో జీవవైవిధ్య సదస్సు ఇక్కడే జరిగాయి. ఆర్‌సెప్ ఇక్కడికి రావడం ఆ వరుసలోనిదే.

ఏషియాన్ నేర్పిన పాఠం

ఆర్‌సెప్ మీద భయం గాలిలోంచి పుట్టలేదు. దాని వెనుక పాత అనుభవం ఉంది. 2009 ఆగస్టు 13న భారత్ ఆగ్నేయాసియా దేశాల కూటమి ఏషియాన్‌తో వస్తువుల వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. ముడి పామాయిల్ మీద సుంకం పరిమితిని 80 శాతం నుంచి 37.5 శాతానికి, శుద్ధి చేసిన నూనె మీద 90 నుంచి 45 శాతానికి దశలవారీగా తగ్గించడానికి ఒప్పుకుంది. కాఫీ, తేయాకు, మిరియాల మీద కూడా సుంకాలు తగ్గాయి. కేరళలో తోట పంటల రైతులు దీని మీద గట్టిగా గొంతెత్తారు.

మన దగ్గర ఆ సెగ తగిలింది పామాయిల్ రైతుకు. దేశంలో ఆయిల్‌పామ్ సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఏలూరు దగ్గర పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. ఇటు తెలంగాణలో అశ్వారావుపేట ప్రాంతం ఈ పంటకు పేరు పొందింది. గెలల ధరను ముడి నూనె ధరను బట్టి లెక్క కడతారు. ముడి నూనె ధర ఇండోనేసియా, మలేసియాల నుంచి ఎంత చౌకగా నూనె వస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. సుంకం తగ్గితే ఆ కోత చివరికి రైతు చేతికొచ్చే టన్ను గెలల ధరలో తేలుతుంది. మొక్క నాటి మూడు నాలుగేళ్లు ఆగితే గానీ కోతకు రాని పంట ఇది. ఈ ఏడాది ధర లేదని వచ్చే ఏడాది మరో పంట వేసుకునే వీలు రైతుకు ఉండదు.

తప్పంతా ఒప్పందం మీద నెట్టడం న్యాయం కాదు. ధరల పెరుగుదలకు కళ్లెం వేయడానికి 2008లోనే కేంద్రం తనంతట తాను ముడి పామాయిల్ మీద సుంకాన్ని ఎత్తేసింది. అయితే సొంత నిర్ణయాన్ని అవసరమైనప్పుడు మార్చుకోవచ్చు. ఒప్పందంలో రాసుకున్న పరిమితిని దాటి రైతును కాపాడుకోవడం కుదరదు. అసలు తేడా అక్కడ ఉంది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఏషియాన్‌తో వస్తువుల ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. సేవల ఒప్పందం అమలు కావడానికి 2015 జూలై దాకా ఆగాల్సి వచ్చింది. మన తలుపు ముందు తెరిచాం, మనకు కావలసిన తలుపు తెరుచుకోవడానికి ఐదున్నరేళ్లు పట్టింది. ఆర్‌సెప్‌లో భారత అధికారులు వస్తువులూ సేవలూ కలిపే తేల్చాలని పట్టుబట్టడానికి ఈ అనుభవమే కారణం.

ఎవరికి ఏం కావాలి?

2012 నవంబర్‌లో కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో ఆర్‌సెప్ చర్చలకు అంకురార్పణ జరిగింది. ఏషియాన్‌లోని 10 దేశాలు, వాటితో పాటు చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, భారత్. ప్రపంచ జనాభాలో దాదాపు సగం ఆ దేశాల్లోనే ఉంది. 2015 చివరికల్లా ముగించాలనుకున్న చర్చలు ఏడాదికేడాది జారుతూ 2019 దాకా నడిచాయి.

చిక్కుముడి ఎక్కడంటే, ఇతర దేశాలు భారత్ నుంచి సుంకాల కోత కోరాయి. భారత్ వాటి నుంచి తన వృత్తి నిపుణుల రాకపోకలకు సౌలభ్యం కోరింది. చైనాకు తక్కువ, ఏషియాన్‌కు ఎక్కువ రాయితీ ఇచ్చేలా 2015లో భారత్ మూడంచెల సుంకాల ప్రతిపాదన పెట్టింది. మిగతా దేశాలు ఒప్పుకోకపోవడంతో దాన్ని వదులుకుంది. ఇటు సేవల విషయంలో మాత్రం ఎదుటివారి నుంచి పెద్దగా కదలిక లేదు.

2017 ఏప్రిల్‌లో జరిగింది చూస్తే ఆ కదలిక ఎందుకు లేదో అర్థమవుతుంది. 18న ఆస్ట్రేలియా ప్రభుత్వం మన ఐటీ వాళ్లు ఎక్కువగా వాడుకునే 457 వీసాను రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. మర్నాడు న్యూజీలాండ్ నైపుణ్య వలస నిబంధనలను బిగించింది. అదే వారంలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ హెచ్-1బీ వీసాల మీద సమీక్షకు ఆదేశించారు. 2005లోనే మనతో సమగ్ర ఒప్పందం చేసుకున్న సింగపూర్ కూడా మన ఐటీ నిపుణుల వీసాలకు అడ్డుపుల్లలు వేస్తోందని భారత్ అభ్యంతరం తెలుపుతున్న రోజులవి. అంతకు ముందు ఏడాది జూన్‌లో బ్రెగ్జిట్ ఓటుతో పౌండు మూడు దశాబ్దాల కనిష్ఠానికి పడింది. బ్రిటన్ ఖాతాదారుల మీద ఆధారపడ్డ కంపెనీలకు అదొక కలవరం. ఇన్ని వైపుల నుంచి తలుపులు మూసుకుంటున్న వేళ, జూలైలో ఆ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, సింగపూర్ ప్రతినిధులే హెచ్‌ఐసీసీలో భారత్‌తో బేరానికి కూర్చున్నారు.

గోడకు అటూ ఇటూ

చర్చలు మూసిన తలుపుల వెనుక సాగాయి. ముసాయిదాలు అధికారికంగా బయటపెట్టలేదు. ప్రజలకు తెలిసిన కాస్తా లీకైన పత్రాల ద్వారా తెలిసిందే. అవే రోజుల్లో రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు హైదరాబాద్‌లోనే ప్రజా సదస్సు జరిపి ఆర్‌సెప్‌ను వ్యతిరేకించారు.

వారి ఆందోళనలో మందుల విషయం హైదరాబాద్‌కు మరీ దగ్గరిది. 2012 మార్చిలో దేశంలో తొలి కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు అనుమతి లేకున్నా మందు తయారుచేసే హక్కు) పొందింది మన నగరానికి చెందిన నాట్కో ఫార్మా. దానివల్ల కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ మందు నెల ఖర్చు సుమారు 2.8 లక్షల రూపాయల నుంచి 8,800 రూపాయలకు దిగింది. పేటెంట్ గడువు పొడిగింపు, మందుల పరీక్షల సమాచారం మీద గుత్తాధికారం వంటి నిబంధనలు జపాన్, కొరియా కోరుతున్నాయని లీకైన ముసాయిదాలు చూపాయి. అవి గనక చేరితే చౌక మందు బజారుకు రావడం ఏళ్లకేళ్లు ఆలస్యమవుతుంది. ప్రజా ఉద్యమాల ఒత్తిడి, భారత ప్రతినిధుల పట్టుదల కలిసి ఆ నిబంధనలను అడ్డుకున్నాయి. చివరి ఒప్పందంలో వాటికి చోటు దక్కలేదు.

పాల సంగతి ఇంతకన్నా విస్తృతమైనది. న్యూజీలాండ్ తన పాల ఉత్పత్తిలో 90 శాతానికి పైగా ఎగుమతి చేస్తుంది. మన దగ్గర రెండు గేదెలున్న ఇంటికి పూట పూటా పాలకేంద్రంలో పోసే పాలే చేతిఖర్చు. ఆ పాలకు వెన్న శాతాన్ని బట్టి డబ్బు వస్తుంది. పంట ఎండిపోయిన ఏడాది కరీంనగర్, నల్గొండ పల్లెల్లో కుటుంబాన్ని నిలబెట్టేది ఆ డబ్బే. చౌక పాలపొడి దిగుమతైతే డెయిరీలు సేకరణ ధర తగ్గిస్తాయి. అందుకే జాతీయ పాడి అభివృద్ధి సంస్థ నుంచి అమూల్ దాకా సహకార రంగమంతా ఒకే మాట మీద నిలిచింది.

బ్యాంకాక్ దాకా

2017 సెప్టెంబర్ నుంచి 2019 మే దాకా కేంద్ర వాణిజ్య శాఖను చూసిన సురేశ్ ప్రభు అప్పట్లో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికైన సభ్యుడు. అయినా ఆ పదవి మన పల్లెల్లో ఆర్‌సెప్ గురించి అవగాహన పెంచిన దాఖలా లేదు. 2019 ఏప్రిల్ లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు వారి డిమాండ్లు. అది ఆర్‌సెప్ మీద పోరాటం కాదు. కానీ మనకు పసుపు ఎగుమతి చేసే వియత్నాం ఆ కూటమిలో భాగస్వామి. ధర పడితే అడిగే దిక్కు లేదన్న రైతు కడుపుమంటను ఢిల్లీ వినక తప్పని పరిస్థితి ఏర్పడింది.

అప్పటికి ఆర్‌సెప్ దేశాలతో భారత వాణిజ్య లోటు ఏడాదికి సుమారు 10,500 కోట్ల డాలర్లు. అందులో సగం చైనాతోనే. దిగుమతులు ఒక్కసారిగా పెరిగితే సుంకం దానంతటదే పెరిగే ఏర్పాటు కావాలని, సుంకాల కోతకు 2014కు బదులు 2019ని ఆధార సంవత్సరంగా తీసుకోవాలని భారత్ కోరింది. స్వదేశీ జాగరణ్ మంచ్, వామపక్ష రైతు సంఘాలు, కాంగ్రెస్ ఒకే సమయంలో వ్యతిరేకించాయి. నవంబర్ 4న రైతు సంఘాలు దేశవ్యాప్తంగా నిరసనలు జరుపుతుండగా, బ్యాంకాక్‌లో ప్రధాని నరేంద్ర మోదీ గాంధీజీ సూత్రాన్ని, తన అంతరాత్మను ప్రస్తావించి చేరలేమని చెప్పారు. 2020 నవంబర్ 15న మిగతా 15 దేశాలు సంతకం చేశాయి. 2022 జనవరి 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది.

రెండు ప్రతిష్టంభనలు

బ్రిటన్‌లో 2016 జూన్ 23న ఓటేసిన వారిలో 51.9 శాతం మంది ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని కోరారు. ఎలా వైదొలగాలో తేల్చలేక పార్లమెంటు సతమతమైంది. 2019 జనవరి 15న ప్రధాని థెరెసా మే ఒప్పందం 202 – 432 ఓట్లతో వీగిపోయింది. మరో రెండు సార్లూ అదే గతి. గడువులు మార్చి నుంచి ఏప్రిల్‌కు, అక్టోబర్‌కు, చివరకు 2020 జనవరి 31కి జరిగాయి. ఆ అనిశ్చితి అక్కడి జనాన్ని కుంగదీసింది. అయితే ఎవరు ఏ నిబంధనకు అనుకూలమో, ఎవరు వ్యతిరేకమో ప్రతి ఓటరూ చూడగలిగాడు.

మన ప్రతిష్టంభన కంటికి కనిపించలేదు. ఏడేళ్ల చర్చల్లో ఏ నిబంధన మీదా పార్లమెంటులో ఓటింగ్ జరగలేదు. రాజ్యాంగం ప్రకారం విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. 253వ అధికరణం ఒప్పందాల అమలుకు ఏ అంశం మీదనైనా చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. ఒప్పందం భారం రాష్ట్రాల రైతు మీద పడుతుంటే, అది కుదుర్చుకునే ముందు రాష్ట్రాలను అడగాలన్న నిబంధన ఎక్కడా లేదు. చేరినా చేరకున్నా నిర్ణయం పైనుంచి ఊడిపడేదే.

తర్వాతి కాలం ఏం చెప్పింది?

ఆర్‌సెప్‌కు దూరంగా ఉన్నంత మాత్రాన చైనా దిగుమతులు ఆగలేదు. 2024–25లో ఒక్క చైనాతోనే లోటు 9,900 కోట్ల డాలర్లు దాటింది. కాబట్టి బయట ఉండటమే రక్ష అనుకోవడం పొరపాటు. మరోవైపు 2022 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం పాల ఉత్పత్తులను పక్కన పెట్టింది, మన ఐటీ కంపెనీలను వేధించిన రెండుసార్ల పన్ను సమస్యను తీర్చింది. 2025 జూలై 24న బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలోనూ పాడికి మినహాయింపు దక్కింది. దానితో పాటు కుదిరిన ఏర్పాటు ప్రకారం అక్కడికి తాత్కాలికంగా వెళ్లే మన ఉద్యోగులకు మూడేళ్ల పాటు సామాజిక భద్రతా చందా నుంచి ఊరట లభిస్తుంది. పల్లెను పణంగా పెట్టి సైబరాబాద్ బాగుపడాల్సిన అవసరం లేదని ఈ రెండూ రుజువు చేశాయి.

అందువల్ల తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, మన పార్లమెంటు సభ్యులు ఒక మాట మీదికి రావాలి. ఇకపై ఏ వాణిజ్య ఒప్పందమైనా సంతకానికి ముందే ముసాయిదా ప్రజల ముందుకు రావాలని, వ్యవసాయం మీద రాష్ట్రాల అభిప్రాయం తప్పనిసరి చేయాలని, పార్లమెంటులో చర్చ జరగాలని పట్టుబట్టాలి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఈ విషయంలో మీ వైఖరి ఏమిటని పెదవేగి రైతు, మాదాపూర్ ఉద్యోగి కలిసి నిలదీయాలి.