దామన్ మడత: మన ఇళ్ళలో తుర్పాయి తారీఖ్

సిరిసిల్ల అంటే అందరికీ సాంచాల చప్పుడే గుర్తొస్తుంది. సాంచా మీద దిగిన బట్టకి రెండు పక్కలా అంచు దానంతటదే పడుతుంది. నాడె ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి వెనక్కి తిరిగినప్పుడల్లా పేక పోగు పడుగుని చుట్టి పట్టుకుంటుంది. అందుకే ఆ పక్క పోగులు ఊడవు. తానులోంచి కత్తెరతో కోసిన పక్కకి మాత్రం ఏ దిక్కూ లేదు. అక్కడ పోగులు ఊడుతూనే ఉంటాయి. ఆ పక్కని మడిచి కుట్టే హునర్ పేరే తుర్పాయి. టైలర్లు హెమ్మింగ్ అంటారు.

కుట్టు బట్టలు ముసల్మానులతోనే ఈ దేశానికి వచ్చాయని కొందరంటారు. అది నిజం కాదు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే కుషాణ రాజు కనిష్కుడి శిల్పం పొడుగు కోటుతో నిలబడి ఉంది. ఆ శిల్పం మథురలో ఉంది. అయితే కుట్టుపని జబాన్‌లో ఫార్సీ, అరబీ మాటలు చాలా చేరాయి. ఫార్సీలో దర్జ్ అంటే కుట్టు అతుకు, దాన్నుంచే దర్జీ. అస్తర్, దామన్, పాయంచా, బఖియా ఫార్సీవి. జేబు అరబీది. కాజా, బొత్తాం పోర్చుగీసు వాళ్ళవి. ఒక్క కుర్తా కుట్టడానికి ఇన్ని ముల్కుల మాటలు కావాలి.

మా అమ్మీ చేతి తుర్పాయి చూస్తూ పెరిగాను కాబట్టి తరీఖా చెప్పగలను. ముందు పావు అంగుళం మడత, దాని మీద అర అంగుళం మడత. నూలు బట్టయితే గోటితో గీస్తే మడత నిలుస్తుంది. దూరం దూరంగా కచ్చా టాంకా వేసి ఆపుతారు. తర్వాత ఒంటి పోగు దారం ఎక్కించి, ముడిని మడత లోపల దాచేస్తారు. సూది బట్టలోంచి ఒకటి రెండు పోగులే అందుకుని మడత అంచులోకి పోతుంది. దారం బిగించి లాగితే బట్ట ముడుచుకుంటుంది. సరిగ్గా కుదిరితే బయటి వైపు కుట్టు కనిపించదు. గుండ్రటి ఘేర్‌కి సన్నటి మడతే నయం, ఎందుకంటే బయటి అంచు చుట్టుకొలత ఎక్కువ. మడత వెడల్పయితే సలవట్లు పడతాయి.

పిల్లల ఈద్ బట్టలకి మాత్రం మడత కావాలనే పెద్దగా పెట్టేవాళ్ళు. వచ్చే ఏడాది బిడ్డ పొడుగైతే కుట్టు విప్పి దించుకోవచ్చు. పాత మడత గీత ఎన్ని ఉతుకులకీ పోదు. ఆ గీత చూస్తే ఆ సలవార్ ఎన్ని ఈద్‌లు గడిపిందో తెలిసిపోయేది.

ఈ మడత బతికున్నవాళ్ళకే. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మగవాళ్ళ కఫన్‌లో ఇజార్, ఖమీస్, లిఫాఫా అని మూడు బట్టలుంటాయి. ఆ ఖమీస్‌కి చేతులుండవు, అంచులు మడవరు. ఇక ఎదగాల్సిందీ లేదు, ఉతకాల్సిందీ లేదు.

సిరిసిల్ల సాంచాల మీద దశాబ్దాలుగా ఎక్కువగా దిగింది పాలిస్టర్. దానికి గోటి మడత నిలవదు, జారుతుంది. కోసిన చోట పోగులు త్వరగా ఊడతాయి. ఇస్త్రీ ఎక్కువైతే కరుగుతుంది. అందుకే దానికి ఓవర్‌లాక్, పీకో మిషన్లు వచ్చాయి. సూది పట్టిన ఇళ్ళలోకే చీరల ఫాల్, పీకో పని కూడా వచ్చింది. కూలి చీరకింత అని.

2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక సాంచా కూలి మీటరుకి ఎంత అన్నది అసెంబ్లీ దాకా నడిచిన మాట. నడవాల్సిందే, ఆ ఊరు ఎన్నో ఆత్మహత్యలు చూసింది. కానీ పర్దా వెనక కూర్చుని అంచు మడిచే ఆడవాళ్ళ కూలి ఏ లెక్కలో ఉంది? ఇంట్లో కూర్చుని కూలికి పనిచేసేవాళ్ళు కూడా కార్మికులేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. పెద్దూరు దగ్గర అపారెల్ పార్కులో మిషన్ మీద కూర్చునే చెల్లెలికి హాజరు పట్టీ ఉంటుంది. ఇంట్లో అదే పని చేసే ఖాలాకి ఏ కాగితమూ ఉండదు. “ఖాళీగా ఉండలేక కుడుతోంది” అంటారు ఇంట్లోవాళ్ళు.

హుజూర్ (స) తన బట్టలు తానే కుట్టుకునేవారని, చెప్పులు తానే బాగుచేసుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. అలాంటి పనిని చిన్నదనడం మనకి తగదు. కూలివాడి చెమట ఆరకముందే ఉజ్రత్ ఇమ్మని కూడా ఆయనే చెప్పారు. ఈ రమజాన్‌లో వీధి చివరి ఖాలాకి చీరలిచ్చినప్పుడు పది రూపాయలు తగ్గించమని బేరం పెట్టకండి. ఈద్ తర్వాత ఇస్తామనకండి, చీర చేతికి తీసుకున్నప్పుడే పైసలివ్వండి.