క్వైట్ కెన్నీ: ఒక జాజ్ ట్రంపెట్ ఆల్బమ్ పునర్విడుదలల చరిత్ర

‘క్వైట్ కెన్నీ’ అమెరికన్ జాజ్ ట్రంపెట్ కళాకారుడు కెన్నీ డోర్హమ్ ఆల్బమ్. న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సౌండ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ అదే ఏడాది తెరిచిన స్టూడియోలో 1959 నవంబరు 13న, ఒక్క రోజులోనే రికార్డింగు ముగిసింది. ప్రెస్టీజ్ సంస్థ అనుబంధ లేబుల్ ‘న్యూ జాజ్’ 8225 నంబరుతో దీన్ని విడుదల చేసింది. ఆనాటి ఎల్పీలు ఇప్పుడు అరుదు. చేతికి దొరికినా వందల డాలర్లు పెట్టాలి.

డోర్హమ్ 1924లో టెక్సాస్‌లో పుట్టాడు. 1948 చివర చార్లీ పార్కర్ బృందంలో మైల్స్ డేవిస్ స్థానంలోకి వచ్చాడు. 1956లో క్లిఫర్డ్ బ్రౌన్ కారు ప్రమాదంలో చనిపోయాక మాక్స్ రోచ్ బృందంలో ఆ లోటు తీర్చిందీ ఆయనే. గొప్పవాళ్ళు ఖాళీ చేసిన కుర్చీల్లో కూర్చున్నవాడిగానే ఆయన్ని చాలామంది గుర్తుపెట్టుకున్నారు. అది ఎంత అన్యాయమో తెలియడానికి ఈ రికార్డు చాలు.

ఇందులో సాక్సఫోన్ లేదు. ట్రంపెట్‌కు తోడు టామీ ఫ్లానగన్ పియానో, పాల్ చాంబర్స్ బాస్, ఆర్ట్ టేలర్ డ్రమ్స్, అంతే. ఆ ఏడాది మే నెలలో జాన్ కోల్ట్రేన్ ‘జయంట్ స్టెప్స్’ ఆల్బమ్‌కు వాయించినదీ ఈ ముగ్గురే. అక్కడ ఊపిరి సలపని వేగంతో పరిగెత్తినవాళ్ళు ఇక్కడ డోర్హమ్ స్వరానికి చోటిచ్చి పక్కకు తప్పుకుంటారు. ఉన్నవి ఏడు రచనలు, వాటిలో మూడు డోర్హమ్ సొంతం. మొదటిదైన ‘లోటస్ బ్లాసమ్’ను సోనీ రోలిన్స్ అంతకు ముందే ‘ఏషియాటిక్ రేస్’ అనే పేరుతో రికార్డు చేశాడు. ‘అలోన్ టుగెదర్’ మూడు నిమిషాలకు కాస్త పైన ఉంటుంది. విద్వత్తు చూపించే ఆరాటం ఎక్కడా లేదు. ఆయన ట్రంపెట్ మెరవదు, కాస్త మసకగా, దగ్గరగా కూర్చుని మాట్లాడినట్టు పలుకుతుంది. ఆల్బమ్ పేరులోని ‘నెమ్మది’ అక్షరాలా నిజం.

1971లో కాలిఫోర్నియాకు చెందిన ఫాంటసీ సంస్థ ప్రెస్టీజ్‌ను కొనడంతో మూల టేపులూ చేతులు మారాయి. ఫాంటసీ 1982లో ‘ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్’ అనే వరుసను మొదలుపెట్టింది. పాత అట్టబొమ్మ, పాటల పాత వరుస, అందుబాటు ధర దాని పద్ధతి. ‘క్వైట్ కెన్నీ’ అందులో 250వ నంబరుగా వచ్చింది. తర్వాతి సీడీలో అదే రోజు రికార్డయిన ‘మాక్ ద నైఫ్’ను చేర్చారు. వేలంపాటల్లో మాత్రమే కనబడే రికార్డును విద్యార్థి కూడా కొనుక్కోగలిగేలా చేసిన ఈ చవక ముద్రణే, ఈ ఆల్బమ్‌కు జరిగిన అతి పెద్ద మేలు.

2004లో ఫాంటసీ కాంకర్డ్ చేతికి వెళ్ళింది. కాంకర్డ్‌కు చెందిన క్రాఫ్ట్ రికార్డింగ్స్ 2023లో పాత వరుసనే పునరుద్ధరించి, మూల టేపుల నుంచి కెవిన్ గ్రే కట్ చేసిన 180 గ్రాముల ఎల్పీలను తెచ్చింది. ధ్వని విషయంలో శ్రద్ధ ఎక్కువే, ధర కూడా ఎక్కువే.

డోర్హమ్ మూత్రపిండాల వ్యాధితో 1972 డిసెంబరు 5న న్యూయార్క్‌లో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 48. తన రికార్డులను కొత్త తరానికి చేర్చిన చవక ఎల్పీల వరుస మొదలవడానికి ఇంకా పదేళ్ళుంది.