పనిముట్టు మారితే కూర్చునే తీరూ మారాలి

రాయలసీమలో పనిచోటు చరిత్రను గుంట మగ్గంతో మొదలుపెట్టాలి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం స్థాపించే నాటికే అది తరతరాలది. కడప జిల్లాలో జమ్మలమడుగు, మాధవరం నేతదీ అదే దారి. నేతగాడు గుంట అంచున కూర్చుంటాడు, పాదాలు లోపలి తొక్కుడు కర్రల మీద ఆనుతాయి. బట్ట మోచేతుల ఎత్తుకు దగ్గరగా ఉంటుంది కనుక నాడె ఆడించడానికి భుజాలు ఎత్తనక్కర్లేదు. ఇవాళ ఆఫీసు కుర్చీకి నిపుణులు చెప్పే మొదటి కొలతలూ ఇవే: పాదాలకు ఆనిక, మోచేతి ఎత్తున పని. ఆ చోటును పనిముట్టే నిర్ణయించింది.

రాతపనీ అంతే. తాటాకు మీద రాసేవారు ఆకును ఎడమచేత పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే గంటానికి ఆనిక ఇచ్చేవారు. బల్ల అక్కర్లేదు, ఆకే కంటి దగ్గరికి వచ్చేది. కాగితంతో ఆ వీలు పోయింది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్, తర్వాత అక్కడి తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాల పాఠాలను సరిచూపించి కాగితానికెక్కించాడు. చూపు ఆకు మీద, చెయ్యి కాగితం మీద. సాహిత్యం దక్కిందని సంతోషిస్తాం గానీ ఆ మెడలూ నడుములూ పడ్డ శ్రమను లెక్కలోకి తీసుకోం. రాతగాళ్ల జబ్బులకు కదలని కూర్చోవడం, చేతికి ఒకే కదలిక, మనసు మీది ఒత్తిడి కారణాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1713లోనే రాశాడు.

ల్యాప్‌టాప్ ఆ చిక్కును ఇంకా బిగించింది. తెరను కంటి ఎత్తుకు లేపితే చేతులు పైకి పోతాయి, మీటలను మోచేతి ఎత్తుకు దించితే మెడ వంగుతుంది. రెంటినీ విడదీయక తప్పదు.

గుంట మగ్గం అంత మంచిదైతే నేతగాళ్లకు నడుం నొప్పులెందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. వీపుకు ఆనిక లేదు, ముందుకు వంగిన ఒళ్లు గంటలకొద్దీ అలాగే ఉంటుంది, వానాకాలం గుంటలో నీరూరుతుంది. కూలి చీరల లెక్కన ముట్టేవాడికి లేచి నాలుగడుగులు వేయడమూ నష్టమే. కొలతలు కుదిరినా విరామం లేకపోతే ఒళ్లు నిలవదు. అందుకే లేచి తిరిగే వ్యవధిని కూడా పనిచోటులో భాగంగానే చూడాలంటాను.

ఇదంతా డబ్బున్నవాళ్ల మాట అనే అభ్యంతరం మాత్రం నిలవదు. తెర కింద నాలుగు లావు పుస్తకాలు, విడి కీబోర్డు, నడుం వెనక మడిచిన దుప్పటి, వెలుతురు పక్కనుంచి వచ్చేలా కిటికీ వైపు భుజం. కుర్చీ ఎత్తై పాదాలు వేలాడితే కింద రెండు నాపరాయి ముక్కలు చాలు.