ముందు మైనంతో ఓడ చేసి చూసిన షిప్‌యార్డ్

ఈ ఎపిసోడ్‌లో మనం స్కాట్లాండ్ వెళ్తున్నాం. అక్కడ గ్లాస్గో నగరం మధ్యలోంచి క్లైడ్ అనే నది పారుతుంది. ఒకప్పుడు ఆ నది ఒడ్డున వరసగా షిప్‌యార్డులే ఉండేవి. వాటిలో క్వీన్ మేరీని కట్టిన జాన్ బ్రౌన్ యార్డు పేరు మీలో కొందరు వినే ఉంటారు. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. నది వెంట ఇంకొంచెం కిందికి వెళ్తే డంబార్టన్ అని ఒక చిన్న ఊరు వస్తుంది. పెద్ద కొండరాయి, దాని మీద పాత కోట, పక్కనే లెవెన్ అనే ఉపనది వచ్చి క్లైడ్‌లో కలుస్తుంది. ఆ లెవెన్ ఒడ్డున ఉండేది విలియం డెన్నీ అండ్ బ్రదర్స్. 1844లో అన్నదమ్ములు మొదలుపెట్టిన ఈ కంపెనీ 1963లో మూతపడేలోపు దాదాపు 1,500 ఓడలు కట్టింది.

ఇన్ని యార్డులుండగా దీని గురించే ఎందుకంటే, ఓడ కట్టడంలో అంచనా మీద నడిచే పనిని కొలత మీదకి తెచ్చినవాళ్లలో వీళ్లు ముందున్నారు. ఆ కొలతకి కూడా ఒక హద్దు ఉంటుందని చెప్పే విషాదం కూడా వీళ్ల చరిత్రలోనే ఉంది. రెండూ చెప్తాను.

ముందు ఒక ఫేమస్ ఓడతో మొదలుపెడదాం. లండన్‌లోని గ్రీనిచ్‌లో ఇప్పటికీ ఒక తెరచాప ఓడని చూడొచ్చు. దాని పేరు కటీ సార్క్. చైనా నుంచి టీ తేవడానికి కట్టిన ఓడ అది. డంబార్టన్‌లోనే ఉన్న స్కాట్ అండ్ లింటన్ అనే కొత్త కంపెనీ దాని కాంట్రాక్టు తీసుకుంది. టన్నుకి 17 పౌండ్ల రేటు. డిజైన్ అద్భుతం, కానీ ఆ రేటుకి ఆ నాణ్యతతో ఓడ కట్టడం వాళ్లకి గిట్టుబాటు కాలేదు. ఓడ పూర్తి కాకముందే కంపెనీ దివాలా తీసింది. మిగిలిన పని డెన్నీ వాళ్లు పూర్తి చేశారు. 1869 నవంబర్ 22న ఓడ నీళ్లలోకి దిగింది. దానికి సరిగ్గా ఐదు రోజుల ముందే, నవంబర్ 17న, సూయజ్ కాలువ తెరుచుకుంది! ఆవిరి ఓడలకి చైనా దారి ఒక్కసారిగా దగ్గరైపోయింది. గాలి మీద నడిచే తెరచాప ఓడలకి ఆ కాలువ పనికిరాదు. అందుకే అంత అందమైన కటీ సార్క్ టీ కోసం ఎనిమిది ట్రిప్పులే చేయగలిగింది. తర్వాత ఆస్ట్రేలియా నుంచి ఉన్ని మోసుకుంటూ బతికింది.

అంటే ఒక ఓడ విషయంలో రెండు లెక్కలు తప్పాయి. ఒకటి కట్టే ఖర్చు, రెండోది రాబోయే కాలం. రెండోది మన చేతిలో ఉండదు. మొదటి రకం లెక్కలనైనా సరిగ్గా వేయలేమా?

ఆ రోజుల్లో ఆవిరి ఓడ ఆర్డర్ ఇచ్చేవాడు "ఇంత స్పీడ్ రావాలి" అని రాయించుకునేవాడు. ఆ స్పీడ్ రావాలంటే ఎంత పెద్ద ఇంజన్ పెట్టాలి? ఎక్కువగా అనుభవం మీద, పాత ఓడల లెక్కల మీద చెప్పేవాళ్లు. ఇంజన్ చిన్నదైతే మాట తప్పినట్టు. పెద్దదైతే బొగ్గు దండగ, సరుకు పెట్టుకునే చోటు దండగ. పైగా ఓడ తయారయ్యాక పరీక్షించేది ఫుల్ స్పీడ్‌లో మాత్రమే. ఈ పద్ధతిని మార్చింది ఆ కుటుంబంలో తర్వాతి తరం వాడు, ఇంకో విలియం డెన్నీ. 1847లో పుట్టాడు. ఒకే ఓడని కొలిచిన మైలు దూరం మీద నాలుగైదు వేర్వేరు స్పీడ్‌లలో నడిపించి, ప్రతి స్పీడ్‌కీ ఇంజన్ ఎంత శక్తి ఖర్చు చేస్తోందో రాయించాడు. అలా పరీక్షించిన ఓడల్లో ఒకదాని పేరు మెర్కారా. పేరు ఎక్కడో విన్నట్టుందా? మన పక్క రాష్ట్రం కర్ణాటకలోని మడికేరిని బ్రిటిష్ వాళ్లు అలా పిలిచేవాళ్లు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కోసం కట్టిన ఓడ అది. వాళ్ల ఓడలకి ఇలా మన దేశపు ఊళ్ల పేర్లు పెట్టేవాళ్లు.

మెర్కారా లెక్కలు విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్‌కి బాగా ఉపయోగపడ్డాయి. ఫ్రౌడ్ కనిపెట్టిన సూత్రం ఇక్కడ కొంచెం అర్థం చేసుకోవాలి, కష్టమేమీ కాదు. ఓడ నీళ్లలో వెళ్తే అలలు లేస్తాయి, ఆ అలలు లేపడానికే చాలా శక్తి పోతుంది. చిన్న నమూనా ఓడ కూడా అలాంటి అలలే లేపాలంటే దాన్ని ఏ స్పీడ్‌లో లాగాలి? పొడవు ఎన్ని వంతులు తగ్గితే, దాని వర్గమూలం అంత స్పీడ్ తగ్గించాలి. ఉదాహరణకి 100 మీటర్ల ఓడ 15 నాట్ల స్పీడ్‌తో వెళ్లాలనుకోండి. 25వ వంతు, అంటే 4 మీటర్ల నమూనా చేసి, ఐదో వంతు, అంటే 3 నాట్లతో లాగితే చాలు. నీళ్ల రాపిడి లెక్క విడిగా వేసుకోవాలి. అంతే, ఒక్క ఇనుప రేకు కూడా కోయకముందే ఓడ ఎలా నడుస్తుందో తెలిసిపోతుంది.

డెన్నీ వాళ్లు ఈ మాట నమ్మి సొంత డబ్బు పెట్టారు. 1883లో యార్డు దగ్గరే సుమారు 100 మీటర్ల పొడవున్న నీళ్ల ట్యాంక్ కట్టించారు. ఒక ప్రైవేట్ షిప్‌యార్డు ఇలాంటి ట్యాంక్ కట్టుకోవడం ప్రపంచంలో అదే మొదటిసారి. నమూనాలు మైనంతో చేసేవాళ్లు. ఎందుకంటే మైనాన్ని సులువుగా చెక్కొచ్చు, ఆకారం నచ్చకపోతే మళ్లీ గీకొచ్చు, పని అయిపోయాక కరిగించి ఇంకో ఓడ చేసుకోవచ్చు.

అదే ఏడాది జులై 3న గ్లాస్గోలో ఒక ఘోరం జరిగింది. వేరే యార్డులో కట్టిన డాఫ్నీ అనే ఓడ నీళ్లలోకి దింపిన నిమిషాల్లోనే పక్కకి ఒరిగి మునిగిపోయింది. లోపల ఇంకా పని చేస్తున్న కార్మికులున్నారు. కనీసం 124 మంది చనిపోయారు. ఓడ నిలకడ గురించి అంచనాతో పని నడిపితే ఏమవుతుందో క్లైడ్ ఒడ్డున అందరూ కళ్లారా చూశారు.

విలియం డెన్నీలో నాకు బాగా నచ్చే విషయం ఇంకొకటి ఉంది. 1880లో యార్డులో ఒక పథకం పెట్టాడు. పని సులువయ్యేలా, మెరుగయ్యేలా ఎవరు కొత్త ఆలోచన చెప్పినా డబ్బు బహుమతి. ఆఫీసర్లకి కాదు, పనివాళ్లకి. సుత్తి పట్టుకునేవాడికి ఆ సుత్తి గురించి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? కానీ ఆయన ఎక్కువ కాలం బతకలేదు. 1887లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో చనిపోయాడు. అప్పటికి వయసు 39.

ఆ తర్వాత కూడా యార్డు కొత్తవాటి వెంట పడటం మానలేదు. 1901లో కింగ్ ఎడ్వర్డ్ కట్టారు. టర్బైన్ ఇంజన్‌తో నడిచిన మొట్టమొదటి ప్రయాణికుల ఓడ ఇదే.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. డెన్నీ వాళ్లకి పెద్ద కస్టమర్ బర్మాలోని ఇరావతి ఫ్లోటిల్లా కంపెనీ. అందులో డెన్నీ కుటుంబానికి వాటా కూడా ఉండేది. ఇరావతి నదిలో ఎండాకాలం ఇసుక మేటలు వేస్తాయి, అందుకని తక్కువ లోతులో తేలే పొడవాటి పడవలు కావాలి. డంబార్టన్‌లో వాటిని కట్టి, విప్పి, ముక్కలుగా ఓడల్లో పంపేవాళ్లు. రంగూన్‌లో మళ్లీ బిగించేవాళ్లు. అదే కాలంలో కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి వేలాది తెలుగువాళ్లు బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లెక్కి రంగూన్ వెళ్లారు. మన ఉత్తరాంధ్రలో "రంగం పోయాడు" అనేది ఆ ప్రయాణాన్నే. ఆ కంపెనీకి డెన్నీ యార్డు చాలా ఓడలు కట్టిచ్చింది. రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్లలో మనవాళ్లదే పెద్ద సంఖ్య. అక్కడివాళ్లు వాళ్లని "కోరంగీలు" అనేవాళ్లు. కాకినాడ పక్కనున్న కోరంగి పేరు మీదుగా వచ్చిన మాట అది. ఆ కోరంగి కూడా ఒకప్పుడు చెక్క ఓడలు కట్టిన రేవే!

1942లో జపాన్ సైన్యం వచ్చేసరికి, శత్రువు చేతికి చిక్కకూడదని ఫ్లోటిల్లా పడవల్ని కంపెనీ వాళ్లే వందల్లో ముంచేశారు. మనవాళ్లలో ఎంతోమంది కొండలు, అడవులు దాటి కాలినడకన ఇండియా దారి పట్టారు, దారిలోనే చాలామంది ప్రాణాలు వదిలారు. 1948లో స్వతంత్ర బర్మా ఆ కంపెనీని జాతీయం చేసింది. డెన్నీ వాళ్లకి దశాబ్దాల నాటి మార్కెట్ అలా పోయింది.

ఇక మొదట్లో చెప్పిన విషాదం. 1947లో డెన్నీ యార్డు ప్రిన్సెస్ విక్టోరియా అనే ఫెర్రీ కట్టింది. కార్లు వెనక తలుపులోంచి నేరుగా ఓడలోకి ఎక్కే రకం, అప్పటికి కొత్త పద్ధతి. స్కాట్లాండ్ నుంచి ఉత్తర ఐర్లాండ్‌కి తిరిగేది. 1953 జనవరి 31న పెద్ద తుఫాన్‌లో బయల్దేరింది. అలల దెబ్బకి వెనక తలుపులు దెబ్బతిని, కార్ల డెక్ మీదకి నీళ్లొచ్చాయి. వచ్చిన నీళ్లు బయటికి పోవడానికి సరిపడా దారులు లేవు. ఓడ ఒరిగి మునిగిపోయింది. 130 మందికి పైగా చనిపోయారు, 44 మంది బతికారు. బతికినవాళ్లలో ఒక్క ఆడమనిషి గానీ, ఒక్క పిల్లాడు గానీ లేరు. రేడియో ఆపరేటర్ డేవిడ్ బ్రాడ్‌ఫుట్ చివరిదాకా సిగ్నల్ పంపుతూనే ఉండి ఓడతో పాటే పోయాడు. తలుపులు బలంగా లేవు, నీళ్లు పోయే దారులు చాలవు అని విచారణలో తేలింది. ఓడని నడిపిన సంస్థని తప్పుపట్టారు.

దీన్నుంచి నాకు అర్థమైంది ఇది. ట్యాంక్ మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెప్తుంది. ఈ ఆకారం ఎంత తేలిగ్గా నడుస్తుంది అని అడిగితే కచ్చితంగా చెప్తుంది. తలుపు విరిగి డెక్ నిండా నీళ్లొస్తే ఏం చేయాలి అనే ప్రశ్న వేరే ఎవరో అడగాలి. కొలవడం ఎంత ముఖ్యమో, ఏం కొలవాలో ఆలోచించడం అంతే ముఖ్యం.

చివరి రోజుల్లో డెన్నీ వాళ్లు హోవర్‌క్రాఫ్ట్ కూడా తయారుచేసి చూశారు. కానీ 1963లో కంపెనీ మూతపడింది. యార్డు పోయినా ట్యాంక్ మిగిలింది. ఇప్పుడది మ్యూజియం, వెళ్లి చూడొచ్చు. ఆ పద్ధతి మాత్రం మ్యూజియంలోకి పోలేదు. మన విశాఖలో నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవున్న ట్యాంక్ ఉంది. అక్కడ కూడా చేసేది అదే: ఓడ కట్టకముందే చిన్న నమూనాని నీళ్లలో లాగి చూడటం.

మీ ఇంట్లో తాతలు, ముత్తాతలు ఎవరైనా రంగం వెళ్లొచ్చి ఉంటే, వాళ్లు చెప్పిన మాటలు మీకు గుర్తుంటే, కామెంట్‌లో రాయండి. ఏ రేవులో ఎక్కారు, అక్కడ ఏం పని చేశారు, ఎలా తిరిగొచ్చారు, అన్నీ రాయండి. ఇలాంటివి పుస్తకాల్లో తక్కువ, ఇళ్లలో ఎక్కువ దొరుకుతాయి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.