నిర్మల్ బొమ్మయు, పొణికి కొయ్యయు

ఒక క్రొత్త వస్తువును చేసి అమ్మదలచినవాడు మొదట ఏమి ఆలోచింపవలెను? దేనితో చేయవలెను, ఎవరు కొందురు, కొని ఏమి చేసికొందురు, ముడిసరుకు రేపును దొరకునా? ఇవి పెద్ద కర్మాగారముల ప్రశ్నలని తోచవచ్చును. కాని అదిలాబాదు, కరీంనగరు సీమల పనివారు తరతరములుగా వీనికి ఉలితోను, పట్టకారుతోను సమాధానము చెప్పుచు వచ్చిరి. 2016 వరకు అదిలాబాదు జిల్లాలో ఉండి, ఆ యేట తానే జిల్లా కేంద్రమైన నిర్మల్ పట్టణపు కొయ్యబొమ్మ ఇందుకు మంచి నిదర్శనము.

పొణికి కొయ్య మన దేశమున దొరకు మిక్కిలి తేలిక కొయ్యలలో ఒకటి. చిన్న ఉలికే లొంగును. దూలమునకు గాని తలుపునకు గాని పనికిరాదు; ఇల్లు కట్టువాడు వద్దన్న ఆ గుణమే బొమ్మకు సుగుణమైనది. పసివాడు సులువుగా ఎత్తగలడు. అయితే పచ్చి కొయ్యలో నీరుండును. అది ఇగిరినకొలది కొయ్య నిలువునకంటె అడ్డముగా ఎక్కువ ముడుచుకొని పగులును. అందుచే చక్కగా ఆరిన కొయ్యనే చెక్కవలెను. జింక కొమ్ములు, కాళ్లు వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకుదురు. చింతగింజ పప్పులోని పిండిపదార్థము వేడినీటిలో ఉబ్బి జిగురగును. నూలుకు గంజిపెట్టుటకును ఇది వాడుకలో ఉన్నదే. వట్టి జిగురు ఆరినపుడు మిక్కిలి ముడుచుకొనును; పొట్టు కలిసిన ముద్ద అంతగా ముడుచుకొనదు, పైగా సందులను పూడ్చును. పిమ్మట తెల్లసుద్ద పూత, దానిపై రంగు. దీనిని మొదట కనిపెట్టిన పనివాని పేరు తెలియదు గాని, అతడు ఎన్ని బొమ్మలు పాడుచేసికొనెనో ఊహించుకొనవచ్చును.

నిర్మల్‌లో విలువంతయు పనితనముదే. కరీంనగరు వెండి తీగపనిలో ముడిసరుకే ప్రియము. కాబట్టి వెండిని సన్నని తీగగా సాగదీసి, మెలివేసి, చట్రముల నడుమ నింపుదురు. కొద్ది వెండితోనే వస్తువు పెద్దదిగా కనబడును. అత్తరుదానులు, పాన్‌దానులు చేసిన చేతులే వాడుక మారగా సిగరెట్టు పెట్టెలు చేసినవి. ఇందులో ఒక చిక్కు కలదు. తీగ సన్ననైనకొలది గాలి సోకు పైభాగము హెచ్చును. గాలిలోని గంధక సంయోగములవలన వెండి నల్లబడును. ఆ అల్లికను ఇంటివారు ఎట్లు తోముకొందురో కూడ చేయువాడే ఆలోచింపవలెను.

నిర్మల్‌లో మారినది కొనువాడు. నిజాము కాలమున హైదరాబాదులో లేడీ హైదరీ ఈ పనివారిని ఆదరించెను. 1950లలో వారు సహకార సంఘముగా ఏర్పడిరి. బొమ్మ క్రమముగా పిల్లవాని చేతినుండి అద్దాల బీరువాలోనికి పోయినది. బీరువాలోని జింకకు సన్నని కొమ్ములు, మెరయు రంగు మేలే. అదే జింక పసివాని చేతికి వచ్చినచో కొమ్ము విరిగి గొంతులో పడవచ్చును. రంగు నోటిలోనికి పోవును. పూర్వము చెట్ల రంగులు, ఖనిజపు రంగులు వాడిరి. తరువాత ఎనామిల్ రంగులు వచ్చినవి. పాతవన్నియు నిరపాయములని అనుకొనరాదు. రంగుగా వాడు సిందూరము సీసపు సంయోగమే!

2020లో కేంద్ర ప్రభుత్వము ఆటవస్తువుల నాణ్యతకై ఒక ఉత్తర్వు చేసి, 2021 జనవరి 1 నుండి అమలుపరచినది. నమోదైన చేతిపనివారి సరుకును, భౌగోళిక గుర్తింపు గల వస్తువులను అందుండి మినహాయించినది. చిన్న పనివానికి పరీక్షల ఖర్చు తప్పుట మంచిదే. అయినను సీసమునకు ఈ మినహాయింపు తెలియదు. రంగు డబ్బాను ఎంచుకొను భారము పనివానిమీదనే మిగిలినది.

ఇక కొయ్య సంగతి. చుట్టుప్రక్కల అడవులలో పొణికి అరుదైనది. దాని గింజ పెంకు గట్టిది, సులభముగా మొలవదు. మొలిచినను చెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టును. వేరొక కొయ్య వాడరాదా యని విద్యార్థి అడుగవచ్చును. అదిలాబాదు టేకుకు పేరుపడినదే గదా! కాని టేకు బరువు, ధర హెచ్చు, ఆ చిన్న ఉలికి లొంగదు. కొయ్య మారినచో పనిముట్టు, అతుకు, పూత, వెల అన్నియు మరల మొదటినుండి లెక్కవేయవలసినదే. పొణికి గింజను మొలిపించు ఉపాయము ఇప్పుడు ఆ బొమ్మకు రంగుకంటె ముందు కావలసియున్నది.